వేడి తాళం

డాక్టర్ మెహరున్నీసా ఫోన్‌లో ఆ బ్యాక్టీరియా పేరు చెప్పగానే చౌడేశ్వరి అడగాల్సిన మొదటి మాట "పాపకు ఎలా ఉంది?" అని. అడిగిన మాట మాత్రం "అది మాది కాదు కదా?" అని.

నోరు జారాక నాలుక కరుచుకుంది. అవతలున్నది పిల్లల డాక్టరు.

"మీదంటే?"

"మా పరిశోధనా కేంద్రంలో అదే జాతితో పనిచేస్తాం. తమలపాకు తోటలకు వేస్తాం. అది వేరే రకం లెండి, మనిషి ఒంట్లో బతకదు. పాప ఎలా ఉంది?"

"తొమ్మిది రోజుల పిల్లప్పుడు తెచ్చారు. ఇవాళ్టికి పదకొండు. పాలు తాగడం లేదు, ఏడవడం కూడా మానేసింది. మీ చిన్నాన్నగారు మీరు సైంటిస్టని చెప్పి నంబరిచ్చారు. వీలైతే ఒకసారి రండి."

పాపకు ఇంకా పేరు పెట్టలేదు. చౌడేశ్వరి చిన్నాయన ఓబులేసు కూతురు ఇందుజ తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి కన్న పిల్ల. వరసకు చౌడేశ్వరి ఆ పిల్లకు పెద్దమ్మ. పెద్దమ్మ నోట వచ్చిన మొదటి మాట అది. బస్సెక్కి ఆసుపత్రికి పోతున్నంతసేపూ ఆ సిగ్గు ఆమెను వదల్లేదు.

ఆ జాతి సంగతి చెప్పాలంటే, ఒకే ఇంటిపేరు, రెండు కాపురాలు. ఒక కాపురం ఆకుల మీద, వేళ్ళ సందుల్లో. దానికి మనుషులతో పనిలేదు. రెండో కాపురం ఆసుపత్రుల్లో, సెలైన్ గొట్టాల్లో, సూదుల మొదట్లో. అక్కడ మందులన్నీ చూసి చూసి అది మొండికేసింది. పేరడిగితే రెండూ ఒకే పేరు చెబుతాయి. గుణం అడిగితే ఆ కాపురానికీ ఈ కాపురానికీ పొంతన ఉండదు.

పన్నెండేళ్ళ కిందట ఎండు తెగులు పెన్న ఒడ్డు ఆకుతోటలను ఊడ్చిపెట్టినప్పుడు చౌడేశ్వరి ఆ మొదటి కాపురంలోంచే ఒక రకాన్ని ఏరి తెచ్చింది. తీగ వేళ్ళ చుట్టూ చేరి తెగులును దగ్గరికి రానివ్వదు. కానీ జాతికి చెడ్డపేరుంది గనక ఊరికే వదల్లేదు. దాని జన్యువుల్లో ఒక తాళం బిగించింది. వేడి ముప్పై అయిదు డిగ్రీలు దాటిందా, కణం తన గోడను తానే కూల్చుకుని చస్తుంది. బయట ఎండ నలభై నాలుగు కొట్టినా, అవిసె చెట్ల నీడలో తడి మట్టి ముప్పై దాటదు కాబట్టి తోటలో దానికి ఢోకా లేదు. మనిషి ఒంట్లోకి పోతే మాత్రం అక్కడికక్కడే చావాలి. కుండ నీళ్ళలో పెంచి తీగలకు పోసే ఆ రకం పసుపు కలిపినట్టుంటుందని జనం దాన్ని పసుపునీళ్ళు అన్నారు. పద్దెనిమిది ఊళ్ళలో తోటలు మళ్ళీ పచ్చబడ్డాయి.

బయలుదేరే ముందు కేంద్రం డైరెక్టరు శేషాచలం కూడా అదే మాట అన్నాడు. "పాప ఒళ్ళు ముప్పై తొమ్మిది కాలుతోంది. మనది ముప్పై అయిదుకే చస్తుంది. ఇంకేం కావాలమ్మా? అది ఆసుపత్రి రకమే."

ఆసుపత్రి వరండాలో చిన్నమ్మ లచ్చుమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నాలుగడుగుల అవతల ఇందుజ అత్తగారు, ఆమె వైపు మనుషులు. మధ్యలో ఆ నాలుగడుగుల జాగాలో ఎవరూ కూర్చోలేదు.

"ఏమైంది చిన్నమ్మా?"

"నేనే సంపుకుంటి మే," అంది లచ్చుమ్మ. కళ్ళలో నీళ్ళు కూడా అయిపోయినట్టున్నాయి. "బొడ్డు ఊడిన మరుసటి దినం బిడ్డ ఒకటే ఏడుపు. కడుపుబ్బరం అనుకుంటి. తోటలోకి పోయి లేతాకు కోసుకొచ్చి, ఆముదం పూసి, దీపం సెగకు సూపించి, బొడ్డు మింద ఏసినా. మా జేజి మా యమ్మకు ఏసింది. మా యమ్మ నాకేసింది. నీకు నేనే ఏసినా. ఎవురికీ ఏమీ కాల్యా. ఈ బిడ్డకే యాల అయింది?"

"పాతకాలం పిచ్చి వైద్యాలు," అంది ఇందుజ అత్తగారు ఎటో చూస్తూ. "పచ్చి బొడ్డు మీద ఆకులేంది, అలములేంది."

"ఆకు కడిగినావా చిన్నమ్మా?"

"కడిగినా. అయినా బజారు ఆకు కాదు గదా మే, మన తోట ఆకే గదా."

మన తోట ఆకు. ఆ తోటలో తీగ మొదలు నుంచి చిగురు దాకా ఏముందో ఈ లోకంలో చౌడేశ్వరికన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

లోపల మెహరున్నీసా గాజు పెట్టెలో ఉన్న పాపను చూపించింది. గుప్పెడంత పిల్ల. ముక్కులో గొట్టం, అరికాలికి తీగ.

"మా యంత్రం రక్తం చుక్క చూసి పది నిమిషాల్లో జాతి పేరు చెబుతుంది," అంది డాక్టరు. "పోయినేడు ఇదే జాతి ఐదుగురు పిల్లలకు పట్టింది. ఒక్క మందు తప్ప ఏదీ పనిచేయలేదు. అందుకే ఈ పేరు కనబడితే ఆ మందే మొదలుపెట్టాలని మాకు నియమం."

"ఆ మందు..."

"మూత్రపిండాల మీద దెబ్బ కొడుతుంది. నిన్న పొద్దుటి నుంచి పాప గుడ్డ తడపలేదు. మందు ఆపితే రక్తంలో ఉన్నది ప్రాణం తీస్తుంది. ఆపకపోతే మందే తీసేలా ఉంది."

"మీ యంత్రం పేరు చూస్తుంది. ఏ కాపురందో చూడదు కదా? ఇది తోట రకమైతే?"

"తోట రకం మనిషి ఒంట్లో బతకదని పొద్దున మీరే అన్నారు."

అన్నది నిజమే. చౌడేశ్వరి తలదించుకుంది. తర్వాత తలెత్తి, "ఆ రక్తంలో పెరిగినది నాకు కాస్త ఇవ్వండి," అంది. "సాయంత్రానికి ఏ రకమో చెబుతాను."

సీసా కేంద్రానికి పంపి, తను తిన్నగా ఓబులంపల్లెకు పోయింది. ఇంట్లో ఓబులేసు ఒక్కడే ఉన్నాడు. అతను మంచినీళ్ళు ఇస్తుండగానే చౌడేశ్వరి పసుపునీళ్ళ కుండ కోసం చూసింది. తడిగుడ్డ చుట్టి, మంచినీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టాలని తనే నేర్పింది. అక్కడ లేదు.

"ఆడ ల్యాదు మే," అన్నాడు ఓబులేసు. "నీళ్ళ పొయ్యి గట్టు మింద ఉంది."

"పొయ్యి మీదా?"

"మరి సలికాలం తోడుకోవద్దా? మూడు దినాలు పెట్టినా నీళ్ళు నీళ్ళుగానే ఉంటాది. మొదట్లో పొయ్యి కాడ పెడితే విరిగిపోయేది. మీ చిన్నమ్మ ఊరుకుంటాదా? అడుగున మిగిలిన కాస్త తోడే మల్లా ఏసింది, మల్లా ఏసింది. ఏస్తా ఏస్తా ఉంటే పట్టు చిక్కింది. ఇప్పుడు రాత్రి ఏస్తే తెల్లారేసరికి గుమ్మడిపువ్వు రంగు! నాలుగేండ్లాయె. ఊరంతా మా కాడే తోడు తీసకపోయినారు. మన ఇంటి తోడుకు యమా పేరులే!"

ఓబులేసు ముఖంలో ఆ ఆపదలో కూడా చిన్న గర్వం మెరిసింది. చౌడేశ్వరి కుండలో థర్మామీటరు పెట్టింది. ముప్పై ఎనిమిది.

ఆమె థర్మామీటరు తుడిచి మళ్ళీ పెట్టి చూసింది. అదే.

ప్రతి పంట కారుకూ కేంద్రం నుంచి కొత్త పొట్లం తెచ్చుకోవాలన్నది మొదటి నియమం. దాన్ని మార్చింది చౌడేశ్వరే. ఐదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, "ప్రతిసారీ మా దగ్గరికి పరుగెత్తాల్సిన పని లేదు. పెరుగు తోడు పెట్టడం రాని ఇల్లుందా?" అంటే అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పుడు శేషాచలం నసిగాడు కూడా. "మన ఆడవాళ్ళకు తోడు పెట్టడం మనం నేర్పాలా సార్?" అని ఆయన నోరు మూయించింది తనే. కోటి కణాల మీద పరీక్షించిన తాళం అది. కానీ రోజూ వచ్చి ఓపిగ్గా కెలికే మనిషికి ఏ తాళమైనా ఎప్పుడో ఒకప్పుడు ఊడక తప్పదు. పొయ్యి వేడికి చచ్చినవి చావగా, తాళం కాస్త వదులైన ఒకటీ అరా మిగిలాయి. లచ్చుమ్మ వాటినే తోడేసింది. మళ్ళీ వాటిలో మిగిలినవాటిని తోడేసింది. చదువు లేని ఆ చేతులు నాలుగేళ్ళు నడిపిన ప్రయోగం ముందు చౌడేశ్వరి పన్నెండేళ్ళ ప్రయోగం ఓడిపోయింది.

"ఏమిటికి మే మల్లా మల్లా సూస్తావు?" అన్నాడు ఓబులేసు.

"చిన్నాయనా, ఈ కుండ నేను తీసకపోతా. తోటలో ఆకు ఎవురికీ కొయ్యొద్దు. ఒక్క ఆకు కూడా."

అతను ఇంకేమీ అడగలేదు. కుండ మూతికి గుడ్డ కట్టి ఇచ్చాడు.

కేంద్రంలో దస్తగిరి అన్నీ సిద్ధంగా పెట్టాడు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న ప్రయోగశాల సహాయకుడు. యంత్రాలొచ్చాక ఊళ్ళో ఎవరూ పళ్ళేల్లో సూక్ష్మజీవులను పెంచడం లేదు గానీ, దస్తగిరి మాత్రం ఆ విద్య మరవలేదు.

నాలుగు రకాలు వరుసగా పెట్టారు. కేంద్రం ఫ్రీజర్లో దాచిన మొదటి రకం, కుండలోది, పోలికకు తెప్పించి ఉంచిన ఆసుపత్రి రకం, పాప రక్తంలోది. ఒక్కోదానికి రెండు పళ్ళేలు. ఒకటి మామూలు పళ్ళెం, దాని నడుమ ఒక పాత మందు బిళ్ళ పెట్టారు. రెండోది తమలపాకు రసం కలిపినది. అన్నీ ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టారు. పెట్టె మూతకున్న కెమెరా కంటికి కనబడని మొలకను కూడా గంటల్లో పట్టేస్తుంది.

"ఆకు రసం ఎందుకమ్మా?" అన్నాడు దస్తగిరి.

"తమలపాకు ఘాటు నీకు తెలుసు కదా. ఆసుపత్రిలో పెరిగినదానికి ఆ ఘాటు అలవాటు లేదు, చస్తుంది. తోటలో పెరిగినదానికి అది అమ్మ చేతి కారం."

నాలుగు గంటలు గడిచాక తెర మీద మొదటి రకం జాడ లేదు. తాళం తన పని తాను చేసింది. కుండలోది రెండు పళ్ళేల్లోనూ మొలిచింది. ఆసుపత్రి రకం మామూలు పళ్ళెంలో మొలిచి, ఆకు రసంలో చచ్చింది. ఇక మిగిలింది పాపది. మామూలు పళ్ళెంలో సన్నగా మొలిచింది. ఆకు రసం పళ్ళెం మీద ఇద్దరూ కళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. చౌడేశ్వరి మనసులో మొక్కుకుంది. ఏమని మొక్కుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు. తనది కాకూడదని ఒకసారి, తనదే కావాలని ఒకసారి. తనదైతే మందు మార్చొచ్చు, పాప బతుకుతుంది, తన పని చస్తుంది.

అయిదో గంటకు ఆకు రసంలో పసుప్పచ్చని చుక్కలు లేచాయి.

"మనదేనమ్మా," అన్నాడు దస్తగిరి మెల్లగా.

"మందు బిళ్ళ చుట్టూ చూడు."

మొదట్లోనే ఆమె తీసుకున్న రెండో జాగ్రత్త అది. అరవై ఏళ్ళనాటి ఒక పాత మందుకు లొంగే రకాన్నే ఏరింది. పసిపిల్లలకు కూడా ఇవ్వగలిగిన మెత్తని మందు. ఆసుపత్రి రకం దాన్ని ఎప్పుడో మింగేసి కూర్చుంది. పాప పళ్ళెంలో ఆ మందు బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీగా ఉంది. ఒక్క చుక్క కూడా లేవలేదు. ఆమె వేసిన తాళం కుండలో ఊడింది గానీ, ఆ బలహీనత అలాగే ఉంది. చౌడేశ్వరికి అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోన్ తీసింది.

"నాకు నమ్మకమే," అంది మెహరున్నీసా. "కానీ నోటిమాట మీద నియమం దాటి మందు మార్చలేను. మీ కేంద్రం ముద్రతో రాసివ్వండి. ఇది ఏ రకమో, ఎలా వచ్చిందో స్పష్టంగా ఉండాలి. అరగంటలో తెస్తే అరగంటలో మారుస్తాను."

ముద్ర శేషాచలం బల్లలో ఉంటుంది. ఆయన చెడ్డవాడు కాదు. పళ్ళేలన్నీ ఓపిగ్గా చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రేపు రెండోసారి వేసి చూద్దాం. ఒక్క రోజు ఆగు."

"పాపకు ఆ రోజు లేదు సార్."

"నువ్వీ కాగితం ఇచ్చావంటే పద్దెనిమిది ఊళ్ళ తోటలు పీకించాలి. ఎండు తెగులు మళ్ళీ వస్తుంది."

"వస్తుంది సార్."

"నీ పన్నెండేళ్ళు చౌడేశ్వరీ!"

"పోతాయి. ఆ పిల్లకు ఇంకా పన్నెండు రోజులు కూడా నిండలేదు. ముద్ర ఇవ్వండి."

ఆయన బల్ల సొరుగు లాగి ముద్ర ఆమె ముందు పెట్టి కిటికీ వైపు తిరిగాడు. చౌడేశ్వరి రాసింది నాలుగే వాక్యాలు. పాప రక్తంలో ఉన్నది మా కేంద్రం తోటలకిచ్చిన రకమే. ఇంట్లో తోడు పెట్టుకోమని నేను నేర్పిన పద్ధతి వల్ల దాని వేడి తాళం ఊడింది. తోట ఆకు ద్వారా బొడ్డు పచ్చి నుంచి రక్తంలోకి వెళ్ళింది. పాత మందుకు లొంగుతుంది, ఆధారాలు జతచేశాను. 'నేను నేర్పిన' అన్న మాటను మళ్ళీ చదివింది. కొట్టేయలేదు. సంతకం చేసి, ముద్ర వేసి, దస్తగిరి స్కూటరు వెనక కూర్చుంది.

మందు ఆ సాయంత్రమే మారింది. మర్నాడంతా ఏ కబురూ లేదు. చౌడేశ్వరి వరండాలో ఆ ఖాళీ నాలుగడుగుల జాగాలో కూర్చుంది. ఇటు చిన్నమ్మ, అటు ఇందుజ అత్తగారు.

"మీరు ఆ ఆకును తిట్టినారు," అంది చౌడేశ్వరి అత్తగారితో. "ఆకుది తప్పు కాదు. చిన్నమ్మది అసలే కాదు. వెయ్యేళ్ళు పిల్లల కడుపు మీద చల్లగా పడుకున్న ఆకు అది. దాన్ని చెడగొట్టింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

ఆవిడ తిట్టడానికి నోరు తెరిచింది. ఈలోగా నర్సు తలుపు తీసుకుని పరుగున బయటికొచ్చింది. చేతిలో గుడ్డపేలిక.

"తడిసిందమ్మా! గుడ్డ తడిపింది!"

లచ్చుమ్మ ఆ గుడ్డను లాక్కుని కళ్ళకద్దుకుంది. ఇందుజ అత్తగారు తిట్టబోయిన నోటితోనే భోరుమంది. ఆసుపత్రిలో ఒక పసిపిల్ల ఉచ్చకు అంతమంది చేతులెత్తి దండం పెట్టడం ఆ నర్సు అంతకుముందు చూసి ఉండదు.

పాప పాలు పట్టుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారంలోనే, విచారణ తేలేదాకా చౌడేశ్వరిని కేంద్రం విధుల్లోంచి పక్కన పెట్టింది. ఆకు బయటికి పోకూడదని, తీగలు పీకి తగలబెట్టాలని పద్దెనిమిది ఊళ్ళకు ఉత్తర్వులొచ్చాయి. ఉత్తర్వు పట్టుకుని ఎవరో గుమాస్తా పోతే తన్ని తగలేస్తారని అందరికీ తెలుసు. ఓబులంపల్లెకు చౌడేశ్వరే పోయింది.

ఆకు కట్టలు కట్టే కొట్టంలో ఊరంతా చేరింది. ఆమె నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.

"నువ్వు సెప్తేనే గదా ఏసినాం?" అని ఒకాయన లేచాడు. "ఇప్పుడు పీకమంటే పీకాలనా? మా పిల్లోళ్ళు ఏం తినాల?"

"నేను సెప్తేనే ఏసినారు మామా. అందుకే నేనే వచ్చినా."

"మల్లా తీగ పెడితే తెగులు రాకుండా మందుందా నీ కాడ?"

"లేదు. సేస్తా. ఎన్నేండ్లు పడతాదో తెలీదు."

ఓబులేసు లేచి, కొడవలి తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా తన తోటలోకి నడిచాడు. కాసేపటికి తీగలు తెగుతున్న చప్పుడు వినిపించింది. మధ్యాహ్నంలోగా మరో పదిమంది తోటల్లోకి దిగారు.

ఆడవాళ్ళు కుండలు తెచ్చారు. కొట్టం ముందు పెద్ద గుండిగలో నీళ్ళు మరుగుతుంటే ఒక్కో కుండా అందులో వంచారు. అరవై నాలుగిళ్ళు, అరవై నాలుగు కుండలు. చౌడేశ్వరి పుస్తకంలో చివరి కుండకు టిక్కు పెట్టి, నడుం నిటారు చేసి, "అయిపోయింది," అంది.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మే," అంది సుబ్బరత్నమ్మ అనే ఆవిడ కొంగు నలుపుతూ, "మా చెల్లెలికి ఇంత తోడిచ్చినా. పొద్దుటూరు కాడ ఉంటాది."

"నేను మా కూతురికిచ్చినా. సారెతో పాటు చెంబులో పోసిచ్చినా."

"మా ఆడబిడ్డ అడిగె. తోడు అడిగితే లేదనకూడదు గదమ్మా."

ఒకరు మొదలుపెట్టాక అందరికీ నోళ్ళు వచ్చాయి. చెల్లెళ్ళు, కూతుళ్ళు, వియ్యపురాళ్ళు. నంద్యాల వైపు, చిత్తూరు వైపు, ఏ జాబితాలోనూ లేని ఊళ్ళు. వాళ్ళు మళ్ళీ ఎవరికిచ్చారో దేవుడికెరుక. చౌడేశ్వరి పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, "ఒక్కొక్కరే చెప్పండి. మనిషి పేరు, ఊరు పేరు," అంది.

రాయడం అయ్యేసరికి పదకొండు పేజీలు నిండాయి. లచ్చుమ్మ అంతసేపూ పక్కన నిలబడి వింది. తర్వాత ఇంట్లోకి పోయి, చీర మార్చుకుని, చేతిలో సంచితో తిరిగొచ్చింది.

"నువ్వెక్కడికి చిన్నమ్మా? బిడ్డ ఆసుపత్రిలో ఉంది కదా."

"బిడ్డ కాడ దాని తల్లుంది. నువ్వు పోయి సెప్తే ఆ కుండలు ఎవురూ వంచరు మే. సదువుకున్నోళ్ళు రోజుకో మాట సెప్తారంటారు. నేను సెప్తా. ఈ సేతుల్తోనే తోడేసినా, ఈ సేతుల్తోనే నా మనమరాలి బొడ్డు మింద ఆకేసినా అని సెప్తా. అప్పుడు వంచకుండా ఎట్లుంటారో సూస్తా."

చౌడేశ్వరి చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. లచ్చుమ్మ ఆ చెయ్యి విడిపించుకుని పుస్తకం వైపు చూపించింది.

"మొదటి పేరు సదువు. ఆరు గంటల బస్సుంది."